గట్టు తెలిసిన నాన్నకు ‘గట్’ అంటే భయమెందుకు?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. మా అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సంవత్సరం. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ పేగుల మీద ఎలా పనిచేస్తుందో పరిశోధన చేస్తానని, పీహెచ్‌డీ దాకా చదువుతానని అంటోంది. మా బంధువులమ్మాయి ఆన్‌లైన్‌లో ఆరు నెలల ‘హార్మోన్, గట్ (పేగు) హెల్త్ కోచ్’ కోర్సు చేసి ఇంట్లోనే కూర్చుని సంపాదిస్తోందట. ఫీజు 85 వేలు. రెండిట్లో ఏది మేలు? ఈ సబ్జెక్టు పేరు నలుగురిలో చెప్పాలన్నా ఇబ్బందిగా ఉంది.

జవాబు: మీరు రాయని ప్రశ్న ఇంకొకటుంది. ఇదంతా అయ్యేసరికి పిల్లకు ఎన్నేళ్లొస్తాయి, పెళ్లెప్పుడు చేయాలి? అవునా? అమ్మాయిల తండ్రులు నన్ను ఏ కోర్సు గురించి అడిగినా అడుగున ఉండేది ఇదే.

ముందు ఇబ్బంది సంగతి. తెల్లమలం జబ్బు తగిలిన రొయ్యకు ఎంత మేత వేసినా ఎదగదని మీకు తెలుసు. రొయ్య పేగు గురించి టీ కొట్టు దగ్గర గంటసేపు మాట్లాడతారు కదా, ఆడవాళ్ల పేగు గురించి కూతురు మాట్లాడితే సిగ్గెందుకండీ?

ఆమె చెప్పేది మీ భాషలోనే ఉంది. పేగు లోపలి పొర ఒకే ఒక్క కణం మందం. కణాల మధ్య సందులను కొన్ని ప్రోటీన్లు బిగించి ఉంచుతాయి. అదే పేగుకు గట్టు. చెరువు గట్టుకు ఎండ్రకాయలు బొరియలు చేస్తే నీళ్లు ఊరినట్టే, ఈ గట్టు వదులైతే బాక్టీరియా సరుకు ఒంట్లోకి ఊరి వాపు మొదలవుతుంది. పెద్దపేగు కణాల్లో ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకాల్లో బీటా రకం ఎక్కువ. దాన్ని 1996లో కనిపెట్టారు. అది లేని ఎలుకల్లో ఆ బిగింపు దెబ్బతింది. ల్యాబ్‌లో పెంచిన కణాలకు ఎస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) ఇస్తే ఆక్లుడిన్ లాంటి బిగింపు ప్రోటీన్లు పెరిగాయి.

అలాగని ఈస్ట్రోజెన్ మంచిదని తేలిపోలేదు. ఎలుకల్లోనే కొన్ని ప్రయోగాల్లో వాపు తగ్గితే, మరికొన్నిట్లో పెరిగింది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో క్రోన్స్ అనే పేగు జబ్బు కాస్త ఎక్కువగా కనిపించింది. పైగా కాలేయం బయటికి పంపిన ఈస్ట్రోజెన్‌ను పేగులోని బాక్టీరియా మళ్లీ విడదీసి రక్తంలోకి చేరేలా చేస్తాయి. మీ అమ్మాయి చదివే మైక్రోబయాలజీకి ఇక్కడే పని ఉంది.

ఇప్పుడు ఆ కోచ్ కోర్సు. ఏళ్ల తరబడి ల్యాబుల్లో ఉన్నవాళ్లకే తెగని లెక్కను ఆరు నెలల్లో ఏం నేర్పుతారు? ఇలాంటిదే చేసిన ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఆమెకు దొరికిన క్లయింట్లు వాళ్ల పిన్ని, మేనత్త. మూడో నెల నుంచి కోర్సు వాళ్లే, కొత్తవాళ్లను చేర్పిస్తే కమీషన్ ఇస్తామన్నారట. మీ బంధువులమ్మాయి సంపాదన దేనిమీద వస్తోందో ఓసారి కనుక్కోండి. దేనికైనా ‘లీకీ గట్’ (కారే పేగు) అని పేరు పెట్టి పొడి డబ్బా అమ్మే వ్యాపారమంటే నాకు కోపం. మలంలో రక్తం పడుతున్న మనిషికి కావాల్సింది డాక్టరు. ఆ డబ్బాతో నెలలు గడిపేస్తే నష్టపోయేది ఆ మనిషే.

పోలిక అడిగారు కాబట్టి రెండు ముక్కలు. పరిశోధనకైతే బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, లైఫ్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ, ఆ తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. మనుషులకు ఆహారం గురించి చెప్పాలనే ఆశ ఉంటే న్యూట్రిషన్‌లో అసలైన డిగ్రీ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలోనే అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉంది. పరీక్షల వివరాలు మీ అమ్మాయికి నాకన్నా బాగా తెలిసి ఉంటాయి.

పీహెచ్‌డీ కూడా పూలపాన్పేం కాదు. ఐదేళ్లు, ఒక్కోసారి ఆరు. నెట్‌లో మంచి ర్యాంకుతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, కానీ ఠంచనుగా పడతాయని నమ్ముకోవద్దు. ఎమ్మెస్సీ అయ్యాక ఒక ఏడాది ల్యాబ్‌లో ప్రాజెక్టు పని చేసి, అప్పుడు నిర్ణయించుకోమనండి. జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి 30, ఆడపిల్లలకు మరో ఐదేళ్ల సడలింపు ఉంది. తొందరేం లేదు, టెన్షన్ పడకండి. మధ్యలో పెళ్లి చేసుకుని పీహెచ్‌డీ పూర్తిచేసిన వాళ్లు బోలెడుమంది.

సంబంధాల వాళ్లు ఏం చదువుతోందని అడిగితే ‘పేగు జబ్బుల మీద పరిశోధన’ అనండి చాలు. హార్మోన్ సంగతి అమ్మాయే చెప్పుకుంటుంది.