మళ్లీ మొదటికొచ్చిందా?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి దుకాణంలో గుమస్తాను. రెండేళ్లు నిద్ర లేక యాష్టపడ్డాను. డాక్టర్ చెప్పినట్టు రాత్రి 12 అయ్యాకే మంచమెక్కి 5.30కు లేవడం, పగలు పడుకోకపోవడం మొదలుపెట్టాక బాగా నిద్ర పట్టింది, మెల్లగా 11కు జరుపుకున్నాను. మొన్న జమ్మికుంటలో మేనకోడలి పెళ్లి, వెంటనే సీజన్ లెక్కలు. నాలుగు రాత్రులుగా కన్ను మూతపడటం లేదు. అంతా మళ్లీ మొదటికొచ్చిందేమోనని టెన్షన్. – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: రాలేదండీ. వారానికి కనీసం 3 రాత్రుల చొప్పున 3 నెలలు సాగితేనే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు, మీవి నాలుగు రాత్రులు, అవీ పెళ్లి జాగారం, లెక్కల పని కలిసినవి. నాకు అనుమానమల్లా ఆ రాత్రుల మీద కాదు, తర్వాతి పగళ్ల మీద. మీరు రాయలేదు గానీ, మధ్యాహ్నం అన్నం తిన్నాక బస్తాలకు ఆనుకొని గంటసేపు కునుకు తీశారా? రాత్రి 9.30కే "ఇయ్యాళన్నా పడుకుందాం" అని మంచమెక్కారా? చాలామంది చేసేది అదే, పోయిన రోగాన్ని మళ్లీ పిలిచేదీ అదే. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, రాత్రికి కళ్లు బరువెక్కడానికి అదో ముఖ్య కారణం. పగలు కునుకు తీస్తే అది తగ్గిపోతుంది. సాయంత్రం ప్లేటు నిండా మిర్చి బజ్జీలు తిని రాత్రి అన్నం సయించట్లేదంటే ఎట్లా?

కాబట్టి ఓ రెండు వారాలు పాత లెక్కన రాత్రి 12 అయ్యాకే మంచమెక్కండి. 20 నిమిషాలకు నిద్ర రాలేదనిపిస్తే లేచి ముందు గదిలో చిన్న లైటు వేసుకుని కూర్చోండి, మళ్లీ కళ్లు మూతపడుతుంటేనే మంచం దగ్గరికి. గడియారం మాత్రం చూడొద్దు. 2.40కి ఫోన్ వెలిగించి, 5.30కు లేవాలి, ఇంకా రెండు గంటల యాభై నిమిషాలే అని లెక్క తీస్తారు (గుమస్తా కదా, తీయకుండా ఉండలేరు), ఆ లెక్కతోనే వచ్చే నిద్ర కూడా పారిపోతుంది. ఫోన్ అలమారలో పెట్టేయండి, అలారం అక్కడినుంచైనా వినిపిస్తుంది.

సీజన్లో వచ్చిన ప్రతి రైతుతోనూ ఓ చాయ్ తాగుతారేమో, సాయంత్రం 6 గంటల చాయ్‌లో కెఫీన్ సగం వరకు రాత్రి 11కు కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత మానేయండి. పాత నిద్రమాత్రలు మిగిలుంటే సొంతంగా వేసుకోకండి. గురక, ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడి లేవడం ఉంటే మాత్రం అది వేరే సంగతి, డాక్టర్‌కు చెప్పండి.

ఇంకొకటి, కళ్లు కూరుకుపోతుంటే బండి తీయొద్దు, ఆటో ఎక్కండి. బండి మీదున్నప్పుడే నిద్ర ముంచుకొస్తే పక్కకు ఆపి పది నిమిషాలు పడుకోండి, అక్కడ నా నియమాలేవీ పట్టించుకోనక్కర్లేదు.

మార్కెట్ బందున్న రోజు కూడా అలారం 5.30కే. ఇంట్లోవాళ్లు "పాపం, పడుకోనీ" అంటారు, ముందే చెప్పి పెట్టుకోండి.