డేట్ వెనక్కి పోతోంది, బీప్‌లు కొడుతోంది

ప్రశ్న: మా ఎరువుల షాపులో పాత డెస్క్‌టాప్ ఉందండి, పొద్దున్నే ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కమని వస్తోంది, నొక్కితే ఓపెనవుతుంది గానీ డేట్ 2010లోకి పోతుంది, నెట్‌లో సైట్లు తెరుచుకోవు. వానాకాలంలో ఒక్కోసారి బీప్‌లే, స్క్రీన్ రాదు. మదర్‌బోర్డు పోయిందంటున్నారు, కొత్తది కొనేయాలాండీ?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: అప్పుడే కొనేయకండి బాబూ! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అని, 3 వోల్టులది, కరెంటు తీసేసినా టైమూ సెట్టింగులూ గుర్తుంచుకునేది అదే, అది అయిపోతే మీరు చెప్పినట్టే అవుద్ది. డేట్ తప్పైతే సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవు, అందుకే నెట్ మొరాయిస్తోంది. ప్లగ్గు పీకేసి, పక్కనున్న క్లిప్ మెల్లగా నొక్కితే బ్యాటరీ పైకి లేస్తుంది, కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టి, బయాస్‌లోకెళ్ళి (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల స్క్రీన్) డేట్ సరిచేసి సేవ్ చేయండి. తర్వాత విండోస్ నీలం స్క్రీన్ చూపిస్తే కంగారొద్దు, సాటా మోడ్ (హార్డ్‌డిస్క్‌తో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి) ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకో, అటునుంచి ఇటో మారిపోయుంటుంది, బయాస్‌లో ఆ మోడ్‌ని మళ్ళీ పాతదానికే మార్చేయండి.

బీప్‌లంటారా, మన కోనసీమ చెమ్మకి ర్యామ్ (మదర్‌బోర్డులో గుచ్చే మెమరీ పలక) కాళ్ళు మసకబారి సరిగా తగలవు, అందుకే ఆ బీప్‌లు, పైగా ఎరువుల షాపు గాలాయె. ర్యామ్ తీసి ఆ పసుపు రంగు కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా టక్కుమనేదాకా నొక్కండి. అప్పటికీ బీప్‌లే వస్తే ఇంకో ర్యామ్ పెట్టి చూశాకే మదర్‌బోర్డుని అనుమానించండి.