తోక మీద రాజీ పడకు

కిరణ్‌కి,

సినిమాకి డైనోసార్ గీసే పని వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదురా. మన ఇంట్లో కుంచె నాతోనే ఆగిపోతుందనుకున్నాను. సంతోషమే, కానీ టెన్షన్ కూడా.

పక్కన మనిషి బొమ్మ పెట్టి ఎత్తు చూసుకో. ఓకే అన్న ప్రతి బొమ్మ మీదా తేదీ వెయ్యి. ఇవి నీకు తెలిసినవే.

నేను కటౌట్లు గీసే రోజుల్లో ఊళ్లో ఒక హాలు ముందుకి ముప్పై అడుగుల టీ రెక్స్ డైనోసార్ బొమ్మ అడిగారు. పోస్టర్లో దాని వెన్ను నేలకి సమంగా ఉంది. అలా గీస్తే చోటు చాలదని నిటారుగా నిలబెట్టాను. పళ్లు రోడ్డు అవతలికి కనపడాలన్నారని తల ఇంకా పెంచాను. పక్కన పాన్ షాపు అడ్డమని తోక సగానికి కోసేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మూడో రోజు సాయంత్రం సముద్రం మీంచి గాలి లేచింది. సరుగుడు కర్రలు విరిగి బొమ్మ తల ముందుకు వాలి పడిపోయింది. కింద రంగు డబ్బాలు సర్దుతున్న మా కుర్రాడి కాలు విరిగింది. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి రిక్షాలో తీసుకెళ్తుంటే దారంతా వాడే నాకు ధైర్యం చెప్పాడు. పద్దెనిమిదేళ్లు వాడికి. తప్పు పూర్తిగా నాదే.

ఆ జంతువు త్రాసు లాంటిదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ముల్లు తుంటి దగ్గర. ముందు తల బరువు, వెనక తోక బరువు. తొడని వెనక్కి లాగే పెద్ద కండ తోకకే అతుక్కుని ఉంటుంది. తోక తగ్గిస్తే నిలబడటమే కాదు, నడకా పోతుంది. చేతులు కూడా కుందేలులా వేలాడేయకు. అరచేతులు చప్పట్లు కొట్టబోతున్నట్టు ఎదురెదురుగా ఉండాలి.

డైనోసార్‌కి ఈకలు ఉండాలని నువ్వు గొడవ పడతావని నా భయం. చిన్నప్పుడు పిచ్చుకకి కళ్లు సరిగ్గా రాలేదని అన్నం మానేసిన మొండివాడివి! జురాసిక్ పార్క్ సినిమాలో వెలాసిరాప్టర్ అనే డైనోసార్లు దాదాపు మనిషంత ఉంటాయి. మంగోలియాలో దొరికిన అసలుది టర్కీ కోడంత. దాని ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకున్న గుర్తులు ఉన్నాయని 2007లో తేల్చారు. సినిమాలో వాటికి ఈకలు లేవు, అయినా నాకు ఒళ్లు జలదరించింది. అడుగు వేస్తే బరువు నేలకి ఆనింది కాబట్టి. అందుకని ఈకలతో ఒక బొమ్మ గీసి చూపించు, వద్దంటే వదిలెయ్. రంగు, చర్మం వాళ్లిష్టం. కాళ్లు, తోక మాత్రం ఎవరు చెప్పినా మార్చకు.

ఒక రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లు. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ ఉంది, ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు. అది ఆకులు తినే జంతువు, నాలుగు కాళ్లది, నీ బొమ్మకి దగ్గరి చుట్టం కాదనుకో. అయినా దాని తొడ ఎముక ముందు కాసేపు నిలబడు. రాత్రిళ్లు కంప్యూటర్ ముందే ఉంటున్నావట, కళ్లద్దాలు మార్చుకున్నావా?

ఆ కుర్రాడికి ఇప్పుడు పూర్ణా మార్కెట్ దగ్గర టీ కొట్టుంది. వానాకాలంలో ఇంకా కుంటుతాడు. నీ సంగతి చెబితే గ్లాసు పక్కన పెట్టి, "తోక పొడుగ్గా పెట్టమనండి గురువుగారూ" అన్నాడు.

మీ పెదనాన్న