అయిదు నెలలు మానిన అమ్మ మళ్లీ అడ్డపొగ ఎందుకు మొదలుపెట్టింది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మా అమ్మ వయసు 58 ఏళ్లు. పెళ్లికి ముందు నుంచీ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటుంది. కిందటి ఏడాది దంత వైద్యులు అంగిట్లో తెల్లమచ్చలు ఉన్నాయని చెప్పడంతో భయపడి, ఒక్కసారిగా మానేసింది. అయిదు నెలలు చుట్ట ముట్టలేదు. ఇంతలో మా మేనమామ చనిపోయారు. ఆ కర్మ రోజుల్లో మళ్లీ మొదలైంది. ఇప్పుడు మాకు తెలియకుండా రోజుకు నాలుగైనా తాగుతోంది. అంత కష్టపడి మానిన మనిషి మళ్లీ ఎందుకు పట్టుకుంది? ఇక మానదని వదిలేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: దయచేసి వదిలేయకండి. ముప్ఫై, నలభై ఏళ్ల అలవాటును అయిదు నెలల పాటు పక్కన పెట్టగలిగిన మనిషికి పట్టుదల లేదని ఎవరూ అనలేరు. మీ అమ్మగారిని మళ్లీ చుట్ట వైపు లాగినవి ఏమిటో ఒక్కొక్కటిగా తెలుసుకుంటే, రెండోసారి మానడం మొదటిసారి కంటే తెలివిగా చేయవచ్చు.

పొగాకులోని నికోటిన్ శరీరంలో ఎక్కువసేపు నిలవదు. రక్తంలో దాని మోతాదు సుమారు రెండు గంటలకే సగానికి పడిపోతుంది. అందుకే మానిన మొదటి రెండు మూడు రోజుల్లో చిరాకు, నిద్రపట్టకపోవడం, ఆకలి పెరగడం, మనసు నిలవకపోవడం తీవ్రంగా ఉండి, మూడు నాలుగు వారాల్లో నెమ్మదిస్తాయి. మానినవారిలో చాలామంది ఈ మొదటి రోజుల్లోనే ఓడిపోతారు. మీ అమ్మగారు ఆ గండం ఎప్పుడో దాటారు కాబట్టి ఆమెను వెనక్కి లాగింది శరీరం అడిగే నికోటిన్ కాదు, మనసులో ఉండిపోయిన జ్ఞాపకం.

మన తీర ప్రాంతంలో ఆడవాళ్లు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకునే పద్ధతి వెనుక పనికి సంబంధించిన కారణం ఉంది. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, నెమ్మదిగా కాలుతుంది, పైగా రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చేపలు శుభ్రం చేస్తున్నా, వల బాగుచేస్తున్నా, గంప ఎత్తుకుని నడుస్తున్నా చుట్ట నోట్లోనే ఉంటుంది. అంటే ఆమె చేసిన దాదాపు ప్రతి పనికీ, పడిన ప్రతి దుఃఖానికీ ఆ వేడి, ఆ రుచి తోడుగా ఉంటూ వచ్చాయి. అటువంటి మనిషి తోడబుట్టినవాడిని పోగొట్టుకుని, ఈడువాళ్లంతా గోడవారన చేరి చుట్టలు వెలిగించుకున్న చోట కూర్చున్నప్పుడు, పక్కనున్న పెద్దావిడ జాలిపడి ఒకటి చేతిలో పెడితే, వద్దనడం ఎంత కష్టమో మీరే ఊహించండి. దుఃఖం, అందరూ తాగుతున్న చోటు, చేతికందిన చుట్ట, ఈ మూడూ ఒకే గంటలో కలిశాయి. మళ్లీ మొదలుపెట్టిన మగవారిని అడిగితే ఈ మూడింటితో పాటు మద్యం పేరు కూడా తప్పకుండా వినిపిస్తుంది.

మరో కారణాన్ని ఇళ్లలో ఎవరూ గుర్తించరు. చుట్ట మానిన కొద్ది వారాలకే అంగిలి మీది తెల్లదనం చాలామందిలో తగ్గుతుంది, కారం తగిలితే పుట్టే మంట కూడా పోతుంది. భయంతో మానినవారికి ఆ భయం తీరిపోగానే, 'ఇప్పుడు బాగానే ఉంది కదా, ఒక్కటి తాగితే ఏమవుతుంది' అనిపిస్తుంది. మచ్చ తగ్గింది చుట్ట మానినందువల్లేనని వారికి ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి.

ఇవి కాక చిన్నవిగా కనిపించే కారణాలు ఉన్నాయి. పొద్దున్నే చుట్ట పడితే తప్ప విరేచనం కాదనేవారు మన ఊళ్లలో ఎందరో. మానాక మలబద్ధకం రావడం నిజమే కానీ, అది నీళ్లు, ఆకుకూరలు, అవసరమైతే తేలికపాటి మందుతో తగ్గేదే. పంటి నొప్పికి చుట్టే మందనుకునేవారూ ఉన్నారు, కనుక పుచ్చు పళ్లుంటే ముందు వాటికి వైద్యం చేయించండి. టీ సంగతి కూడా చెప్పాలి. పొగలోని కొన్ని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది. పొగ మానగానే అదే టీ వల్ల కెఫీన్ రక్తంలో ఎక్కువసేపు ఉండిపోయి గుండెదడ, నిద్రలేమి కలుగుతాయి, వాటిని చుట్ట లేని బాధగా పొరబడతారు. టీలు సగానికి తగ్గిస్తే తేడా తెలుస్తుంది. ఇంట్లో మీ నాన్నగారో, మరొకరో తాగుతుంటే, చూరులో దోపిన సగం చుట్ట కనబడుతూ ఉంటే, ఆమె ఒక్కరినీ మానమనడం న్యాయం కాదు.

కర్మ రోజుల్లో తాగిన ఆ ఒక్క చుట్ట అంత పెద్ద ప్రమాదం కాదు. 'ఎలాగూ తప్పాను, ఇక ఆపి ఏం లాభం' అనే నిస్పృహ, ఇంట్లోవాళ్లు తిడతారన్న సిగ్గు కలిసి ఒకటిని నాలుగు చేస్తాయి. అందుకే ఆమె మీకు తెలియకుండా తాగుతున్నారని నా అభిప్రాయం. ఎన్ని తాగావని అడగకండి. ఏ వేళ మనసు లాగుతోందో అడగండి. నిద్రలేచిన అరగంటలోపే మొదటి చుట్ట వెలిగిస్తున్నారంటే నికోటిన్ మీద ఆధారపడటం మళ్లీ గట్టిపడిందని, ఈసారి మందుల సాయం అవసరమని అర్థం. తోడబుట్టినవాడు పోయినప్పటి నుంచి ఆమెకు తిండి, నిద్ర, మాట తగ్గి ఉంటే ఆ సంగతి కూడా వైద్యులకు తప్పక చెప్పండి, ఎందుకంటే కుంగుబాటుకు వైద్యం అందకపోతే చుట్ట మానడం నిలవదు.

మందుల విషయానికి వస్తే, అంగిలి దెబ్బతిని, పళ్లు సరిగా లేని వయసులో నికోటిన్ చూయింగ్ గమ్ కంటే చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ నయమనిపిస్తుంది. బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలు కూడా ఉన్నాయి, కానీ మూర్ఛ వంటి పాత జబ్బులు విచారించి వైద్యులే నిర్ణయించాలి. 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరుకు చేస్తే పొగాకు మానడానికి సలహా ఇచ్చేవారు మాట్లాడతారు. మొదటిసారి మీరు పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. సంవత్సరీకం, పండుగలు, పెళ్లిళ్లు వంటి బంధువులు చేరే రోజులను ముందే గుర్తుపెట్టుకుని, ఆ రోజుల్లో ఆమె పక్కన చుట్ట తాగని మనిషి ఒకరు ఉండేలా చూడండి.

వీటన్నిటికంటే ముందు చేయవలసింది నోటి పరీక్ష. అడ్డపొగకూ, అంగిలిలో వచ్చే మార్పులకూ ఉన్న సంబంధాన్ని మన శ్రీకాకుళం జిల్లాలోనే 10,169 మంది గ్రామీణులను పరీక్షించి పరిశీలించారు, ఆ ఫలితాలు 1971లో వెలువడ్డాయి. మామూలుగా పొగతాగేవారికి అరుదుగా వచ్చే గట్టి అంగిలి (అంగిలిలో ముందువైపు ఎముక ఉన్న భాగం) క్యాన్సర్ అడ్డపొగ తాగేవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. పగటి వెలుతురులో ఆమెను తల వెనక్కి వాల్చి నోరు తెరవమని, టార్చి వేసి చూడండి. తెల్లని మందపాటి పొర మధ్య ఎర్రటి మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, ముట్టుకుంటే రక్తం, గట్టిగా తగిలే చోటు, మెడలో గడ్డ, వీటిలో ఏది ఉన్నా నొప్పి లేదు కదా అని ఆగవద్దు, ఎందుకంటే మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. ఏమీ కనబడకపోయినా ఈ వారంలోనే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకెళ్లి అంగిలి చూపించండి. కిందటి ఏడాది దంత వైద్యులు రాసిన చీటీ, ముక్క తీసి పరీక్ష చేసి ఉంటే ఆ రిపోర్టు కూడా వెంట పట్టుకెళ్లండి. మచ్చ పెరిగిందో తగ్గిందో వాటితో పోల్చి చూస్తారు.