కణికలు కనబడని కప్ప గుడ్డు

ప్రశ్న: జెనోపస్ కప్ప గుడ్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం సిద్ధం చేస్తున్నాం. వీర్యం కలపని గుడ్లలోనూ పొర కింద కార్టికల్ గ్రాన్యూల్స్ (గుడ్డు పొర కిందే ఉండే సరుకు నిండిన కణికలు) ఉండటం లేదు. పైగా సెక్షన్లలో (పలచటి కోతల్లో) పచ్చసొన ఉన్నచోటల్లా చిల్లులు. తప్పెక్కడ?

జవాబు: ముందుగా మీ ఫోర్సెప్స్‌ను అనుమానించండి. కప్ప గుడ్డు మేల్కొనడానికి, అంటే ఫలదీకరణ మార్పులు మొదలవడానికి, శుక్రకణమే రానక్కర్లేదు. క్యాల్షియం ఉన్న ద్రవంలో సూదిమొన గుచ్చుకున్నా చాలు. గుచ్చిన చోటు నుంచి క్యాల్షియం అల గుడ్డంతా పాకుతుంది. దాని వెంటే గ్రాన్యూల్స్ ప్లాస్మా పొరతో కలిసిపోయి లోపలి సరుకును బయటికి వదిలేస్తాయి. కొద్ది నిమిషాల్లో అంతా ఖాళీ. కాబట్టి ఫిక్స్ చేసే (రసాయనంతో గుడ్డును ఉన్నదున్నట్టు గట్టిపరిచే) ముందు అదే విడతలోని నాలుగైదు గుడ్లను చుట్టూ ఉండే జిగురుతో సహా నీళ్లలో వదిలి 20 నిమిషాలు చూడండి. నల్లటి సగం పైకి తిరిగితే అవి మేల్కొన్నట్టే, ఆ విడత కంట్రోలుకు (పోల్చి చూసే వీర్యం కలపని గుడ్లుగా) పనికిరాదు.

జిగురు తీయడానికి దాన్ని కరిగించే 2% సిస్టీన్ ద్రావణాన్ని, పీహెచ్ 8 దగ్గర సరిచేసి వాడండి. గుడ్లు ఒకదానికొకటి ఆనుకోగానే ఆపి, బాగా కడగాలి. ఇక్కడే ఒక మెలిక ఉంది. వీర్యం కలిపాక జిగురు తీస్తూ కూర్చుంటే తొలి నిమిషాల మార్పులు దాటిపోతాయి. జిగురు ముందే తీసేసి సూదితో గుచ్చితే సున్నా క్షణం కచ్చితంగా తెలుస్తుంది, కానీ గ్రాన్యూల్ సరుకు జిగురుతో కలిసి కట్టే ఎఫ్ పొర ఏర్పడదు. ఆ పొరే కావాలంటే జిగురుతోనే ఫిక్స్ చేయండి. అప్పుడు ఫిక్సేటివ్ (ఫిక్స్ చేసే ద్రవం) నెమ్మదిగా దిగుతుంది, నిమిషాల లెక్క కొంచెం మసకబారుతుంది.

చిల్లులకు కారణం రెసిన్ (కోతకు వీలుగా గుడ్డులోకి దింపి గట్టిపరిచే ప్లాస్టిక్) సరిగా దిగకపోవడమే. 0.1 మోలార్ కాకోడిలేట్ బఫర్‌లో (పీహెచ్ 7.4) 2.5% గ్లుటరాల్డిహైడ్ వాడండి. గుడ్డు గట్టిపడ్డాకే, అంటే ఒకటి రెండు గంటల తర్వాత, బ్లేడుతో సగానికి కోయండి. రాత్రంతా మళ్లీ ఫిక్సేటివ్‌లోనే ఉంచండి. కాకోడిలేట్‌లో ఆర్సెనిక్ ఉంది, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. 1% ఆస్మియం, ఆల్కహాల్ అయ్యాక చిక్కదనం తక్కువుండే స్పర్ రెసిన్‌ను మెట్టుమెట్టుగా పెంచుతూ రెండు మూడు రోజులు దిగనివ్వండి. పైఅంచు ముక్క ఒక్కటే మిగిలేలా ట్రిమ్ చేస్తే (చెక్కితే) పచ్చసొన బాధ సగం తగ్గుతుంది.

సెక్షన్ 60–80 నానోమీటర్లు చాలు. నల్లటి సగంలో గ్రాన్యూల్స్ సుమారు 1.5 మైక్రాన్లు, తెల్లటి సగంలో ఇంకా పెద్దవి, పొర కిందే ఒక వరుసలో ఉంటాయి. వాటి స్థానంలో గుంటలు, సాగిన మైక్రోవిల్లై (పొర మీది సన్నటి వేళ్లలాంటి మొనలు) కనబడితే గుడ్డు మేల్కొన్నట్టే. గుంటలూ లేకపోతే మీ సెక్షన్ అంచు దాటి లోపలికి పోయింది, బ్లాక్‌ను (గుడ్డున్న రెసిన్ దిమ్మను) మళ్లీ అమర్చుకోండి.