ఆయనను అనుమానించినట్టు అవుతుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మావారు కువైట్‌లో డ్రైవరు. సంక్రాంతికి వచ్చి వెళ్లారు. నాకిప్పుడు మూడో నెల. ఆస్పత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోమన్నారు. మన ఇంటి కోడలికి ఆ పరీక్ష ఏమిటని అత్తగారు కోప్పడుతున్నారు. ఒప్పుకుంటే మావారిని అనుమానించినట్టు అవుతుందేమోనని నాకూ బెంగగా ఉంది.

జవాబు: అమ్మా, భర్త గల్ఫ్‌లో ఉన్నారు కాబట్టే మిమ్మల్ని అడిగారని మీరు అనుకుంటున్నట్టున్నారు. అది నిజం కాదు. భర్త ఊళ్లోనే ఉండి కొబ్బరితోట చూసుకుంటున్న గర్భిణికైనా హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు, సిఫిలిస్ పరీక్షలతో పాటు దీనినీ చేయించుకోమనే చెబుతారు. ఆ పరీక్ష చేసే గది ముందు బల్ల మీద కూర్చోవడానికే సిగ్గుపడి వెనుదిరిగిన ఆడవాళ్లను నేను చూశాను. తలుపు మీద అంత పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టడం నాకూ నచ్చదు.

అయినా ఆలస్యం చేయవద్దని ఎందుకు చెబుతున్నానంటే, తల్లికి వైరస్ ఉండి మందులు వాడకపోతే గర్భంలోనో, కాన్పులోనో, చనుబాల ద్వారానో బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. ముందే తెలుసుకుని మందులు సక్రమంగా వాడితే అది 5 కంటే తక్కువకు దిగుతుంది. ఈ మందులు హెచ్‌ఐవీకి చికిత్స చేసే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితం. కాన్పుకు పుట్టింటికి వెళ్లాక చూద్దామనుకుంటే విలువైన నెలలు పోతాయి. మొదటి పరీక్షలో తేడా కనిపించినా, వేరే కిట్లతో మళ్లీ చూసి గాని నిర్ధారించరు.

2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా ఈ పరీక్ష చేయకూడదు; చేయించుకుంటేనే వైద్యం చేస్తామనీ అనకూడదు. ఫలితాన్ని కౌన్సెలర్ మీకే విడిగా చెబుతారు, మీ అత్తగారికి కాదు. ముందుగా సందేహాలు తీర్చుకోవాలంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇక పరువు సంగతి. మీవారు కువైట్ వెళ్లేముందు వీసా మెడికల్ చేయించుకునే ఉంటారు. అందులో హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉంటుంది. అది ఆయన ఉద్యోగం కోసం, ఇది మీ బిడ్డ కోసం. ఆయన పరీక్షకు పోని పరువు మీ పరీక్షకు ఎలా పోతుంది? అయితే అప్పటి ఆయన ఫలితం ఇప్పుడు మీకు పనికిరాదు. మీ రక్తం మీదే చూడాలి. అత్తగారితో మీరు వాదానికి దిగవద్దు. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు మీవారికి ఈ సంగతి చెప్పి, అమ్మతో ఆయననే మాట్లాడమనండి. కొడుకు నోట ఆ మెడికల్ మాట వింటే ఆవిడ మెత్తబడవచ్చు.