చిన్న గదిలో మిక్సింగ్‌కి 5 అంగుళాల మానిటర్లు తీసుకోవాలా, 8 అంగుళాలవా?

ఇంట్లో ఒక చిన్న గదిలో పాటల మిక్సింగ్, వాయిస్ ఎడిటింగ్ చేస్తున్నానన్నారు. ఇన్నాళ్లూ హెడ్‌ఫోన్స్‌తో నెట్టుకొచ్చారు. ఇప్పుడు యాక్టివ్ మానిటర్లు, అంటే యాంప్లిఫయర్ లోపలే ఉండే స్టూడియో స్పీకర్లు కొందామనుకుంటే, వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) 5 అంగుళాలా, 8 అంగుళాలా అన్న దగ్గర ఆగిపోయారు. నా సలహా 5 అంగుళాలవే. మిగిలిన డబ్బు గది మీద పెట్టండి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న విషయం.

మొదట నేను 8 అంగుళాలవే కొన్నాను. వూఫర్ పెద్దదైతే బేస్ ఉన్నదున్నట్టు వినిపిస్తుందని గట్టి నమ్మకం. నా గది పొడవు 3 మీటర్లు. డెస్క్, కుర్చీ సర్దాక నా తల సరిగ్గా గది మధ్యకి వచ్చింది. ఏ మిక్స్ చేసినా కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) నీరసంగా వినిపించేది, నేను పెంచుకుంటూ పోయేవాడిని. అదే పాట కారులో పెడితే డోర్లు అదిరిపోయేవి, గాయని గొంతు ఎక్కడో అడుగున పడి ఉండేది. మూడు నెలలు నా చెవులే సరిగా లేవేమోనని కుమిలిపోయాను.

ఒక రాత్రి టోన్ జనరేటర్ (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా మోగించేది) పెట్టి 40 హెర్ట్జ్ నుంచి కొంచెం కొంచెంగా పెంచుతూ విన్నాను. 57 దగ్గరికి వచ్చేసరికి శబ్దం దాదాపు మాయమైపోయింది. వూఫర్ మీద వేలు ఆనిస్తే కోన్ మాత్రం గట్టిగా కొట్టుకుంటోంది. అలాగే మోగనిచ్చి లేచి వెనక గోడ దగ్గరికి నడిచాను. అక్కడ ఛాతీకి తగిలేంత హోరు! మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంటే ఏమీ లేదు.

దీని లెక్క సులువే. గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దానితో 343ని భాగించండి. 3 మీటర్లకి 57 హెర్ట్జ్ వస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీ గోడల దగ్గర ఉబ్బిపోయి, సరిగ్గా మధ్యలో పడిపోతుంది. అక్కడ కూర్చుంటే ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా అంతే. డెస్క్‌ని ముందుకు జరిపి, నా తల ముందు గోడకి 115 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా కూర్చున్నాను. గది పొడవులో ఇది దాదాపు 38 శాతం. ఆ రోజే కిక్ తిరిగొచ్చింది. పైసా ఖర్చు లేదు.

తర్వాత ఆ 8 అంగుళాలవి అమ్మేసి 5 అంగుళాలవి తెచ్చుకున్నాను. ఉదాహరణకి యమహా హెచ్ఎస్5 కింద 54 హెర్ట్జ్ దాకా, హెచ్ఎస్8 38 దాకా వెళ్తాయని కంపెనీ చెప్తుంది. ఆ రెండు అంకెలూ -10 డెసిబెల్స్ దగ్గర కొలిచినవని గుర్తుంచుకోండి. అంటే అక్కడికి చేరేసరికే శబ్దం బాగా తగ్గిపోయి ఉంటుంది. డెసిబెల్స్ సంగతి రాయకుండా హెర్ట్జ్ మాత్రమే చూపించే ప్రకటనని నమ్మకండి. చిన్న గదిలో ఎలాగూ గోడలే బేస్‌ని ఎగదోస్తాయి. పైగా మీటరు దూరంలో కూర్చుని వినడానికి చిన్న స్పీకరే హాయిగా ఉంటుంది.

వాట్ల గురించి టెన్షన్ పడకండి. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. యాక్టివ్ మానిటర్లలో సాధారణంగా వూఫర్‌కి, ట్వీటర్‌కి (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) వేర్వేరు యాంప్లిఫయర్లు లోపలే ఉంటాయి, కంపెనీయే వాటిని జత కుదిర్చి పంపుతుంది.

కొనే ముందు స్పీకర్ వెనక వైపు తప్పకుండా చూడండి. పోర్ట్ (బేస్ కోసం పెట్టెకి ఉండే గాలి రంధ్రం) వెనక ఉంటే గోడకి ఆనించి పెట్టడం కుదరదు, కాస్త ఖాళీ వదలాలి. గోడ దగ్గర పెట్టక తప్పనివాళ్ల కోసం బేస్ తగ్గించే స్విచ్ చాలా మోడళ్లలో ఉంటుంది. నాకైతే అది లేని మోడల్ వద్దనిపిస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కి, స్పీకర్లకి మధ్య ఉండే పెట్టె) నుంచి బ్యాలెన్స్‌డ్ కేబుల్సే (దారిలో కలిసే రొదని తగ్గించేవి) వాడండి. నాకు మొదట్లో కంప్యూటర్ మౌస్ కదిపినప్పుడల్లా స్పీకర్లో కీచుమని శబ్దం వచ్చేది, కేబుల్ మార్చగానే పోయింది.

అమర్చేటప్పుడు రెండు స్పీకర్లు, మీ తల కలిసి సమబాహు త్రిభుజంలా ఉండాలి. ట్వీటర్లు చెవుల ఎత్తుకి రావాలి. స్పీకర్ శబ్దం పక్క గోడ మీద ఎక్కడ తగిలి మీ వైపు వస్తుందో కనుక్కోవడానికి, కుర్చీలో కూర్చుని ఎవరినైనా గోడ వెంట అద్దం జరపమనండి. అద్దంలో ట్వీటర్ కనిపించిన చోట శబ్దాన్ని పీల్చుకునే రాక్‌వూల్ ప్యానెల్ పెట్టండి. మూలల్లో మందమైనవి పెట్టాలి. పలచని ఫోమ్ అతికిస్తే పై ఫ్రీక్వెన్సీలే తగ్గుతాయి, బేస్ అలాగే ఉంటుంది.

వాయిస్ ఎడిటింగ్‌కి 5 అంగుళాలు ధారాళంగా సరిపోతాయి. అయితే పెదవుల చప్పుడు, ఊపిరి, కట్ చేసిన చోట వచ్చే టిక్ లాంటివి నేను ఇప్పటికీ హెడ్‌ఫోన్స్‌లోనే పట్టుకుంటాను. కాబట్టి మీ పాతవి పారేయకండి.

గది పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపు ఎటు ఉందో రాయండి. కుర్చీ ఎక్కడ వేసుకోవాలో లెక్కేసి చెప్తాను, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టండి.